ఒకే పోలిక, రెండు రాళ్లు: టాఫైట్, మస్‌గ్రేవైట్

శ్రోతలకు నమస్కారం. రత్నాలనగానే మనకు వజ్రం, కెంపు, పచ్చ, మహా అయితే వైడూర్యం గుర్తొస్తాయి. ఇవాళ చెప్పబోయే రెండు రాళ్లు ఆ నవరత్నాల లెక్కలో లేవు, చాలామంది నగల వ్యాపారులు కూడా వీటిని జన్మలో చూసి ఉండరు. ఒకటి టాఫైట్, రెండోది మస్‌గ్రేవైట్.

టాఫైట్ బయటపడిన తీరే తమాషాగా ఉంటుంది. ఏ ఖనిజమైనా ముందు గనిలోనో ఏటి ఇసుకలోనో దొరుకుతుంది, ఆ తర్వాత సాన పడతారు కదా. దీని సంగతి తిరగబడింది. 1945లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో రిచర్డ్ టాఫే అనే రత్నాల నిపుణుడు ఒక నగల వ్యాపారి దగ్గర కొన్ని పాత రాళ్లు కొన్నాడు, అన్నీ సాన పట్టేసినవే. వాటిలో ఒకటి లేత ఊదా రంగుది, సుమారు 1.4 క్యారెట్లు, అంటే గ్రాములో మూడో వంతు కూడా లేదు. ఎవరు చూసినా స్పినెల్ అనే మరో రకం రత్నమనే అంటారు. మైక్రోస్కోప్ కింద పెట్టి లోపలికి చూస్తే మాత్రం అవతలి వైపున్న దుమ్ము రేణువులు, సన్నటి గీతలు ఒక్కొక్కటీ రెండేసిగా కనిపించాయి. అక్కడే అతనికి డౌటొచ్చింది.

ఎందుకంటే స్పినెల్‌లో వెలుతురు ఎటు నుంచి వెళ్లినా ఒకే వేగంతో వెళ్తుంది, కాబట్టి గీత ఒక్కటే కనిపించాలి. టాఫైట్‌లో కిరణం రెండుగా చీలుతుంది. అదీ పెద్ద చీలికేం కాదు: దాని వక్రీభవన గుణకాలు, అంటే వెలుతురు రాయిలో ఎంత వంగుతుందో చెప్పే అంకెలు, సుమారు 1.718, 1.723, రెంటికీ తేడా 0.005 దగ్గర. కాల్సైట్ అనే పారదర్శక ఖనిజం ముక్కని పుస్తకం మీద పెడితే అక్షరాలు రెండుగా కనిపిస్తాయే, అక్కడ ఆ తేడా 0.17. ఇంత చిన్న చీలికని పట్టుకున్నాడంటే, నన్నడిగితే ఆ మనిషి కన్నుకే దండం పెట్టాలి. రాయిని లండన్‌లోని ల్యాబ్‌కి పంపాడు, చిన్న ముక్క తీసి పరీక్షిస్తే మెగ్నీషియం, అల్యూమినియంతో పాటు బెరీలియం అనే లోహం కూడా తేలింది. 1951లో కొత్త ఖనిజంగా వివరాలు అచ్చయ్యాయి.

ఇక మస్‌గ్రేవైట్. 1967లో దక్షిణ ఆస్ట్రేలియాలోని మస్‌గ్రేవ్ కొండల్లో దొరికింది, పేరూ అక్కడిదే. సాన పట్టడానికి పనికొచ్చే రాయి ఉందని తెలిసింది మాత్రం 1993లో. రెంటికీ కాఠిన్యం, అంటే గీత పడకుండా తట్టుకునే గట్టిదనం, మోస్ స్కేలు మీద 8 నుంచి 8.5, అంటే టోపాజ్‌కి కాస్త పైన, కెంపుకి కింద. సాంద్రత టాఫైట్‌కి నీటితో పోలిస్తే 3.6 రెట్ల పైచిలుకు, మస్‌గ్రేవైట్‌కి కూడా దాదాపు అంతే, ఓ పిసరు ఎక్కువ. వక్రీభవన గుణకం రెంటికీ 1.72 చుట్టుపక్కలే. రంగు చూద్దామా అంటే ఊదా, బూడిద, కొద్దిగా ఆకుపచ్చ, ఇటూ అవే అటూ అవే. ఏ కొలత తీసుకున్నా ఒకదాని హద్దు రెండోదానిలోకి చొరబడుతుంది.

అసలు తేడా లోపలి పొరల్లో ఉంది. ఇటుకల గోడలో రెండు రకాల వరసలు ఉన్నట్టు, ఈ రాళ్లలో స్పినెల్ తరహా పొర ఒకటి, బెరీలియం ఉన్న పొర ఒకటి పేరుకుంటాయి. టాఫైట్‌లో అవి ఒకటికి ఒకటి. మస్‌గ్రేవైట్‌లో ఒక స్పినెల్ పొరకి బెరీలియం పొరలు రెండు. టాఫైట్ స్పినెల్‌లా ఎందుకు మోసం చేసిందో ఇప్పుడర్థమైంది కదా, సగం స్పినెల్ దానిలోనే ఉంది మరి!

ఈ పొరల లెక్క రాయిని పగలగొట్టకుండా తేలాలంటే మన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన రామన్ ఎఫెక్ట్ బాగా పనికొస్తుంది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న రామనే. ఒకే రంగు లేజర్ కిరణాన్ని రాయి మీద వేస్తారు, చాలావరకు అదే రంగుతో చెదిరిపోతుంది, ఏ కొంచెమో రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది అణువుల అమరికని బట్టి ఉంటుంది, అందుకే ఒక్కో ఖనిజానిది ఒక్కో వరస. ఆ గ్రాఫ్‌లో టాఫైట్ శిఖరాలు ఒకచోట, మస్‌గ్రేవైట్‌వి ఇంకోచోట.

అందం మాటకొస్తే, ఎర్రటి మంచి స్పినెల్ పక్కన ఈ రెండూ వెలవెలబోతాయని నా అభిప్రాయం. వీటి ధర అరుదుతనానికే. కాబట్టి ఎవరైనా మస్‌గ్రేవైట్ అంటూ ఊదా రాయి చూపిస్తే, రంగుకి మురిసిపోకండి, రామన్ పరీక్ష చేసిన ల్యాబ్ రిపోర్టు అడగండి. రిపోర్టు లేకపోతే అది మామూలు స్పినెల్ అయ్యే అవకాశమే ఎక్కువ.