ఐపీవీ4 అడ్రసులు ఎల్లలు దాటాలా? అఫ్రినిక్ బదిలీలపై చర్చ

మోడరేటర్: నమస్కారం. ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే పాత తరం నంబర్లే ఐపీవీ4 అడ్రసులు. ప్రపంచస్థాయిలో వాటిని పంచే ఐయానా 2011 ఫిబ్రవరి 3న తన దగ్గర మిగిలిన ఐదు స్లాష్ 8 బ్లాకులను (ఒక్కోటి దాదాపు 1.68 కోట్ల అడ్రసులు) ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు తలా ఒకటి ఇచ్చేసింది. ఆ తర్వాత పైనుంచి కొత్త స్లాష్ 8 రాలేదు. ఉత్తర అమెరికా రిజిస్ట్రీ ఆరిన్, యూరప్‌ది రైప్, ఆసియా-పసిఫిక్‌ది ఏపీనిక్, లాటిన్ అమెరికాది లాక్‌నిక్ పరస్పరం బదిలీలకు ఒప్పుకున్నాయి. ఆఫ్రికా రిజిస్ట్రీ అఫ్రినిక్‌లో మాత్రం ఆ విధానం అమల్లోకి రాలేదు. తలుపు మూసి ఉంచడం న్యాయమేనా?

విధాన విశ్లేషకురాలు: అడ్రసులు బయటికి పోతాయన్న భయం ఊరికే పుట్టలేదండీ. 40 లక్షలకు పైగా అడ్రసులు అక్రమంగా చేతులు మారాయని ఆ రిజిస్ట్రీ సొంత పరిశీలనలోనే తేలింది. తలుపు మూసి ఉండగానే అంత జరిగింది. ఆఫ్రికాలో ఇంటర్నెట్‌కు రావాల్సిన జనం ఇంకా కోట్లలో ఉన్నారు. వాళ్ల కోటా డాలర్లున్న చోటికి పోతే మళ్లీ రాదు. లోపలికి రానివ్వండి, బయటికి మాత్రం వద్దు అంటాను.

బదిలీల సలహాదారు: వినడానికి బాగుంది కానీ నడవదండీ. ఆరిన్ నియమావళిలో 8.4 సెక్షన్ చదవండి: అవతలి రిజిస్ట్రీ విధానం ఇచ్చిపుచ్చుకునేదిగా ఉండాలి, అవసరం చూసి ఇచ్చేదిగా ఉండాలి. ఒకవైపు తలుపు పెడితే ఆరిన్ నుంచి ఒక్క స్లాష్ 24 (256 అడ్రసుల బ్లాకు) కూడా రాదు. ఈ అవసరం షరతును ఏపీనిక్ ఎత్తేసి, 2011లో మళ్లీ పెట్టుకుంది. రైప్ అయితే, ఆరిన్ నుంచి తెచ్చుకునేవాళ్లు ఐదేళ్లలో కనీసం సగం వాడతామని ప్రణాళిక చూపించాలంది. పైగా తలుపు మూసినా లీజులు, అంటే అడ్రసులను అద్దెకివ్వడం, ఆగవు. రికార్డులో ఆఫ్రికా, వాడకం ఇంకో ఖండంలో!

మోడరేటర్: కాగితాలు అయిపోయాయనుకుందాం. నెట్‌వర్క్‌లో ఏం జరుగుతుంది?

నెట్‌వర్క్ ఇంజినీరు: అసలు తిప్పలు అక్కడే. ముందు, డబ్బు కట్టకముందే బ్లాకు స్పామ్ బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో చూడాలి. ఉంటే మీ మెయిళ్లు చాలాచోట్లకు చేరవు. స్లాష్ 24 కంటే చిన్న ముక్క కొనకండి. 256 అడ్రసుల కంటే తక్కువున్న రూటును చాలా నెట్‌వర్కులు తీసుకోవు.

తర్వాత ఆర్‌ఓఏ. ఆ ప్రిఫిక్స్‌ను (అడ్రసుల బ్లాకును) ఏ ఏఎస్ నంబరు (నెట్‌వర్కు గుర్తింపు సంఖ్య) తనదిగా ప్రకటించవచ్చో చెప్పే డిజిటల్ సంతకం అది. అమ్మినవాళ్ల ఆర్‌ఓఏ ఇంకా బతికుండగా మీరు మీ ఏఎస్ నుంచి ప్రకటిస్తే, రూటు చెల్లనిదిగా కనబడుతుంది, తనిఖీ చేసే నెట్‌వర్కులు పారేస్తాయి. మీ రౌటర్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది, సగం ప్రపంచానికి మాత్రం మీరు కనబడరు. అందుకని వరస తప్పకూడదు: పాత ఆర్‌ఓఏ పోవాలి, కొత్త రిజిస్ట్రీలో మీది పుట్టాలి, రూట్ ఆబ్జెక్టు (ఆ రూటు గురించి డేటాబేసులో నమోదు) రాయాలి, అప్పుడు ప్రకటన. రివర్స్ డీఎన్‌ఎస్ (అడ్రసును బట్టి పేరు చెప్పే ఏర్పాటు) కూడా కొత్త రిజిస్ట్రీ ద్వారానే మళ్లీ అప్పగించాలి.

మోడరేటర్: విజయవాడలో ఒక చిన్న ఐఎస్‌పీ అమెరికా బ్లాకు కొంటే?

నెట్‌వర్క్ ఇంజినీరు: కస్టమర్ ఓటీటీ తెరిస్తే 'మీ దేశంలో అందుబాటులో లేదు' అంటుంది. లొకేషన్ డేటాబేసుల్లో ఆ బ్లాకు ఇంకా అమెరికాలోనే ఉంటుంది మరి. ఏ అడ్రసులు ఎక్కడున్నాయో చెప్పే జియోఫీడ్ ఫైలు పెట్టాలి. ఒక్కో వరసలో ప్రిఫిక్స్, ఐఎన్, ఐఎన్-ఏపీ, విజయవాడ అని కామాలతో రాసి, ఫైలు లింకును రిజిస్ట్రీ రికార్డులో చేర్చాలి. డేటాబేసులన్నీ ఒకేసారి సర్దుకోవు, ఆలోగా ఫిర్యాదు ఫోన్లు తప్పవు.

విధాన విశ్లేషకురాలు: నేను ఒక మెట్టు దిగుతాను. తనకు దక్కిన చివరి స్లాష్ 8 అయిన 103/8 నుంచి ఇచ్చిన బ్లాకులను ఏపీనిక్ ఐదేళ్లు బదిలీ చేయనివ్వదు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇచ్చిన బ్లాకులకు ఆరిన్ కూడా 60 నెలల గడువు పెట్టింది. అఫ్రినిక్ అలాంటి తాళం వేసి, పాత కేటాయింపుల హక్కుదారులెవరో ముందు తేల్చి, అప్పుడు రెండువైపులా తెరిస్తే నాకు అభ్యంతరం లేదు.

బదిలీల సలహాదారు: ఆ తాళానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ హక్కులు తేల్చడానికి గడువు తేదీ రాయండి, లేకపోతే తలుపు మూసినట్టే లెక్క.