మంచులో తవ్విన బావి

మిత్రులారా, ధ్రువ యాత్ర అనగానే జెండా పాతుతున్న మనిషే మన కళ్ల ముందు మెదులుతాడు. వాతావరణ శాస్త్రానికి ఎక్కువ మేలు చేసింది మాత్రం, నన్నడిగితే, ఒకచోట కదలకుండా కూర్చున్నవాళ్లు.

1930 జులై చివర్లో, గ్రీన్‌లాండ్ పడమటి తీరం నుంచి 400 కిలోమీటర్లు లోపలికి, 3,000 మీటర్ల ఎత్తున ఒక స్థావరం వెలిసింది. పేరు ఐస్‌మిట్టె. ఆ యాత్ర నాయకుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్. ఖండాలు కదులుతాయని చెప్పి నవ్వులపాలైన ఆయనే. ఏడాది పొడవునా అక్కడి వాతావరణాన్ని నమోదు చేయాలన్నది ఆలోచన. రావలసిన ఇల్లు రాలేదు. ఆయన బృందంలోని యోహానెస్ గియోర్గి, ఎర్న్‌స్ట్ జోర్గె మంచులోనే గుహ తొలుచుకుని కాపురం పెట్టారు.

అక్టోబర్ 30న, సున్నాకు 50 డిగ్రీల దిగువ చలిలో, వెగెనర్‌తో పాటు ఫ్రిట్జ్ లోవె, గ్రీన్‌లాండ్ యువకుడు రాస్మస్ విల్లుమ్సెన్ అక్కడికి చేరారు. లోవె కాలివేళ్లు చలికి చచ్చుబడిపోయాయి. మత్తుమందు లేదు. గియోర్గి జేబుకత్తితో, రేకులు కత్తిరించే కత్తెరతో వాటిని తీసేశాడు. నవంబర్ 1న, తన 50వ పుట్టినరోజున, వెగెనర్ రాస్మస్‌తో తిరుగు ప్రయాణం కట్టాడు. ఇద్దరూ తీరం చేరలేదు. మరుసటి మే నెలలో వెగెనర్ మృతదేహం శ్రద్ధగా పూడ్చిపెట్టి కనిపించింది. ఆయన్ను పూడ్చిన రాస్మస్ జాడ మాత్రం నేటికీ లేదు. కథ చెప్పేవాళ్లు అతన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకది మింగుడుపడదు.

గుహలో మిగిలింది ముగ్గురు. జోర్గె ఆ చలికాలమంతా గుహలోంచి కిందికి బావి తవ్వాడు, 15 మీటర్ల లోతు. తవ్వుతూ గోడలోంచి మంచు దిమ్మలు కోసి, కొలిచి, తూచాడు. వేసవి మంచు గుల్లగా ఉంది, బరువు తక్కువ. చలికాలపు మంచు గట్టిగా దట్టించినట్టు ఉంది. ఆ రెండూ కలిస్తే ఒక సంవత్సరం. అలా సుమారు 20 ఏళ్ల హిమపాతాన్ని ఆయన పొరలు పొరలుగా లెక్కపెట్టాడు. పైన గాలిని కొలవడానికి వెళ్లినవాళ్లకు కాలి కింద పాత సంవత్సరాల దస్త్రం దొరికిందన్నమాట.

1966లో అదే గ్రీన్‌లాండ్‌లో, క్యాంప్ సెంచరీ అనే సైనిక స్థావరం వద్ద అమెరికన్లు యంత్రంతో 1,387 మీటర్లు తొలిచి అడుగునున్న నేలను తాకారు. పైకి తీసిన మంచు కడ్డీలో మామూలు కన్నా బరువైన రకం ఆక్సిజన్ వాటా (చలి పెరిగితే ఇది తగ్గుతుంది) ఎంతో డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లీ డాన్స్‌గార్డ్ కొలిచి, ఆ మంచు కురిసిన నాటి చలిని లెక్కగట్టాడు. జోర్గెకు 20 ఏళ్లు దొరికిన చోట ఈయనకు దాదాపు లక్ష ఏళ్లు దొరికాయి.