మత్తడి కింద వెలసిన ఊళ్లు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఊరు పుట్టాక చెరువు తవ్వుకున్నారని మనం మామూలుగా అనుకుంటాం. ఓరుగల్లు చుట్టుపట్ల మాత్రం చాలాచోట్ల ముందు కట్ట లేచిందని, ఆ తర్వాతే దాని కింద ఇళ్లు లేచాయని నా అభిప్రాయం. కేసముద్రం, ధర్మసాగర్, ఇల్లంతకుంట వంటి పేర్లలోనే నీళ్లున్నాయి.

కారణం నేలలో ఉంది. గోదావరి ఉత్తరాన పల్లంలో పారుతుంటే, మన చెలకలు, అంటే మెట్ట పొలాలు, ఎత్తున, రాతి మీద ఉన్నాయి. నాలుగు నెలలు కురిసి పోయే వానను వాగుకు అడ్డంగా కట్ట పోసి ఆపుకోకపోతే ఇక్కడ వరి మాట ఉండేది కాదు. కాకతీయుల కాలంలో ఈ పనిని రాజు ఒక్కడే తలకెత్తుకోలేదు. 1213 నాటి రామప్ప గుడిని, దాని పక్కన చెరువును కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుని సేనాని. బయ్యారం చెరువు తవ్వించిన మైలాంబ ఆ రాజు తోబుట్టువు. చెరువు తవ్వించినవారికి దాని కింది భూమిలో కొంత మాన్యంగా దక్కే పద్ధతిని దశబంధం అన్నారు. పుణ్యంతో పాటు భూమి కూడా వస్తుందంటే అడవి కొట్టి కొత్త ఊళ్లు వేయడానికి మనుషులు ముందుకు రావడంలో వింత లేదు.

చెరువే ఊరి పనులను పంచింది. మా చిన్నతనంలో నీరటి తాత పార భుజాన వేసుకుని తెల్లవారకముందే కట్ట మీదికి పోయి, తూములోకి దిగి, కర్ర బిరడాను ఎత్తి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో ఎవరినీ అడగకుండానే వదిలేవాడు. గడియారం లేదు, కాగితం లేదు. అయినా ఆయన వంతు తప్పాడని కొట్లాట జరగడం నేను చూడలేదు. కోతలయ్యాక కల్లం దగ్గర ఆయనకు వడ్లు కొలిచి పోసేవారు. పై ఊరి చెరువు నిండి మత్తడి దుంకితేనే, అంటే అలుగు పారితేనే, కింది ఊరి చెరువు నిండేది కనుక, గొలుసుకట్టులో ఒక ఊరు మరో ఊరి మొహం చూడక తప్పేది కాదు.

తర్వాతి పెరుగుదల వేరే దారిలో వచ్చింది. 1963లో గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది, కాలక్రమేణా కాకతీయ కాలువ వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్లను మనవాళ్లు గుంటూరుపల్లెలన్నారు. పత్తి, మిర్చి విస్తరించి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు చేరాయి. అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చింది బోరుబావి. ఎవరి మోటరు వారిదయ్యాక నీరటితో పని లేకపోయింది, చెరువు లోపలి శిఖం భూముల్లో సాగు మొదలైంది, చెరువుల్లో, తూముల్లో పూడిక నిండింది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద తీసిన ఆ పూడికనే రైతులు ట్రాక్టర్లతో చెలకల్లోకి తోలుకున్నారు.

నిరుడు మా చెరువు మత్తడి దుంకిన సాయంత్రం, ఏళ్ల తరబడి కట్ట ఎక్కని బోరు రైతులు కూడా వచ్చారు. ఈసారి ఎవరి బోరు ఎండాకాలం దాకా పోస్తుందో లెక్కలు వేసుకుంటూ, కట్టమైసమ్మ గద్దె దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డారు.