ఎండ్రకాయలకు మనతో పనిలేదు

(ప్రొద్దుటూరులో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు వాళ్లకు సముద్రం గురించి చెప్పమని నన్ను పిలవడం కొంచెం తమాషాగానే ఉంది. మనకు నీళ్లంటే బోరు, ట్యాంకరు, వానలు బాగా పడితే పెన్న. అయితే నేను సముద్రం దాకా పోయింది ఆ పెన్నను పట్టుకునే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

నంది కొండల్లో పుట్టి, అనంతపురం మీదుగా మన వైపు వచ్చి, గండికోట దగ్గర కొండను నిలువునా కోసుకుని, మన ఊరు, పుష్పగిరి, సిద్ధవటం దాటి, సోమశిల మీదుగా నెల్లూరు పోయి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది పెన్న. మొత్తం 597 కిలోమీటర్లు. మనం దాన్ని ఏడాదిలో సగం రోజులు ఇసుకగానే చూస్తాం. ఆ ఇసుక చివరికి ఎక్కడికి చేరుతుందో చూద్దామనే నేను మొదట మైపాడు పోయింది. మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు, అక్కడి నుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు.

మైపాడులో ఆదివారం ఎట్లుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బజ్జీల బండ్లు, గుర్రం మీద ఫోటోలు, ఎవరిదో స్పీకరు. కానీ సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని ఉత్తరంగా, పెన్న కలిసే వైపు, తెల్లారేముందు కాస్త దూరం నడవండి. జనం ఉన్నట్టుండి అయిపోతారు. సరుగుడు తోటలు, ఇసుక దిబ్బల మీద పాకిన బాలబందితీగ, అక్కడక్కడా రావణాసురుని మీసాలు. అదేం గడ్డి అనుకుంటున్నారేమో, దాని ఎండిన గుత్తి ముళ్ల బంతిలా ఉంటుంది, గాలికి ఊడిపోయి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది, పోతూ పోతూ గింజలు రాల్చుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో జంతువు పరిగెత్తుతోందనుకుని నేను పక్కకు జరిగా.

ఇక ఎండ్రకాయలు. ఇవి మన చెరువుల్లో దొరికే రకం కాదు. తీరం పొడుగునా బొరియలు, ఒక్కో బొరియ మూతి దగ్గర ఎర్రటి ఎండ్రకాయ, పుల్లల్లాంటి కాడల మీద రెండు కళ్లు పైకి నిలబెట్టి చూస్తూ ఉంటుంది. మనం అడుగు వేస్తే ఆ పక్కనున్నవన్నీ ఒక్కసారిగా మాయం. కదలకుండా నిలబడాలి, అంతే. రెండు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ఒక కన్ను, ఇంకో కన్ను, ఒక డెక్క. కాసేపటికి అది మనల్ని పాతిన గుంజ కింద జమకట్టేసి పనిలో పడిపోతుంది: బొరియలోంచి ఇసుక ముద్ద పట్టుకొచ్చి విసిరేయడం, పక్కింటి దానితో డెక్క ఎత్తి పోట్లాడటం, మధ్యమధ్యలో నీళ్ల దాకా పరిగెత్తి ఒళ్లు తడుపుకుని రావడం. దాని మొప్పలు తడిగా ఉంటేనే దానికి ఊపిరి ఆడుతుంది.

నేను ఈరోజు చెప్పాలనుకున్నది నిజానికి ఈ ఒక్క ముక్కే. సముద్రం ఒడ్డున మనసు తేలికపడేది గాలికో అలల చప్పుడుకో అని అందరూ అంటారు. నా లెక్క వేరు. పొద్దున లేచినప్పటి నుంచి మనతో ఎవరికో ఒకరికి పని. ఫోను, షాపు, ఈఎంఐ, పిల్లల ఫీజు, గ్రూపులో మనం జవాబివ్వని మెసేజి. టెన్షన్ అంటే అదే కదా, అందరి లెక్కల్లోనూ మనం ఉండటం. అక్కడ ఆ ఎండ్రకాయ లెక్కలో నేను లేను. పది నిమిషాలు అట్లా ఎవరికీ అక్కర్లేకుండా నిలబడి చూడండి, భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి.

ఒకసారి నేనట్లా వంగి చూస్తూ ఉంటే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు వచ్చారు. "ఏంది సార్ ఎతకతా ఉండారు, ఉంగరం ఏవన్నా పడిపోయిందా?" అన్నారు. "లేదన్నా, ఎండ్రకాయల్ని చూస్తున్నా" అన్నా. ఆయన నన్ను చూసిన చూపు మా ఇంట్లో వాళ్ల చూపు కంటే పెద్ద తేడాగా ఏం లేదులెండి. కానీ కూర్చున్నారు, కూర్చుని తాబేళ్ల సంగతి ఎత్తారు.

ఆ తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలో గహిర్మాథ, రుషికుల్యల దగ్గర లక్షల్లో ఒకేసారి వస్తాయని పేపర్లో చదివే ఉంటారు, మన వైపు అంత ఉండదు, ఒకటీ అరా విడివిడిగా. రాత్రిపూట ఒడ్డెక్కుతుంది. వెనక కాళ్లతో, కళ్లతో చూడకుండానే, కూజా ఆకారంలో గుంట తవ్వుతుంది. నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఆ ఇసుక గట్టిపడేదాకా ఒంటిని అటూ ఇటూ ఊపుతూ బాదుతుంది. దాని కళ్లలోంచి నీళ్లు కారుతుంటే ఏడుస్తోందనుకుంటారు, ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపే గ్రంథుల పని అది. గంటలోపు అంతా ముగించుకుని సముద్రంలోకి పోతుంది, మళ్లీ ఆ గుంట వైపు రాదు, పిల్లల్ని చూడదు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇంకో చిత్రం, ఆడదా మగదా అన్నది ఆ ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి.

"వల్లో పడితే వదిలేస్తాం సార్, కూర్మావతారం గదా" అన్నారు ఆ పెద్దాయన. ఆయన మాట నేను నమ్ముతా. కానీ ఆ నెలల్లోనే తీరం మీద చచ్చిన తాబేళ్లు కూడా కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరి కోసం నీటి పైకి రావాలి, పెద్ద మరపడవలు గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే రాలేదు. వలకు తాబేలు తప్పించుకునే దారి పెట్టే పరికరం ఉంది, అది పెడితే కొంత చేప కూడా జారిపోతుందని పడవల వాళ్ల బాధ. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది, అది చేపల సంతానం కోసం పెట్టింది, అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది. నాకైతే ఇది పెద్ద లోటుగానే కనబడుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "ప్రకృతి ఒడిలో ప్రశాంతత" అని వాట్సాప్‌లో తిరిగే మాటలు వింటే నాకు కొంచెం చిరాకు. అక్కడ ఎవరూ ప్రశాంతంగా లేరు. నేను ముచ్చటపడి చూసిన ఆ ఎర్ర ఎండ్రకాయలే గుడ్డు పగిలి బయటికొచ్చిన తాబేలు పిల్లల్ని లాక్కుపోతాయి. పైన తెల్ల తలా ఇటుక రంగు రెక్కలూ వేసుకుని గరుడపక్షి తిరుగుతూ ఉంటుంది, అది ఊరికే తిరగడం లేదు. ప్రశాంతత చూసేవాడిదే.

పెన్న కలిసే చోటికి చేరేసరికి తీరు మారిపోతుంది. నీళ్లు తీసిన తడి ఇసుక మీద వేలి గోరంత ఎండ్రకాయలు ఉంటాయి. గుప్పెడు ఇసుక నోట్లోకి పోనిచ్చి, దానికంటుకున్న పాచీ మట్టీ తినేసి, మిగిలినదాన్ని గుండ్రటి గోళీగా చుట్టి వెనక్కి తోసేస్తాయి. బొరియ చుట్టూ చక్రం ఆకుల్లా వరసలు తేలుతాయి. ఒడ్డంతా ముగ్గు వేసినట్టుంటుంది. పోటు రాగానే అంతా చెరిగిపోతుంది, మళ్లీ ఆటు, మళ్లీ మొదటి నుంచి.

చలికాలంలో అయితే అదే బురదలో చిన్న ఉల్లంకి పిట్టలు, పాతిక ముప్పై గ్రాముల బరువు, సైబీరియా ఉత్తర కొసన గుడ్లు పెట్టి ఇంత దూరం వస్తాయి. ఇవి మన చెరువుల అంచుల్లోనూ దిగుతాయి, మనం బండి ఆపి చూడం, అంతే.

పోయే దారిలో బద్వేలు ముందు లంకమల కొండలు చూసినప్పుడల్లా నాకు కలివికోడి గుర్తొస్తుంది. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, పోయిందన్నారు. 1986లో మన జిల్లాలోనే, రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో ఊరివాడొకరి చేతికి చిక్కింది. మనం పోయిందని రాసుకున్న ఆ ఎనభై ఆరేళ్లూ అది ముళ్ల పొదల మధ్య రాత్రిళ్లు పురుగులు ఏరుకుంటూనే ఉంది, మన రాతలతో దానికేం పని? అవతల చిలమత్తూరు దగ్గర వీరాపురం వాళ్లు చింతచెట్ల మీది కొంగల్ని తరతరాలుగా అట్లాగే వదిలేశారు, వాటి పని వాటిది, వాళ్ల పని వాళ్లది.

సరే, పోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మన సీమ వాళ్లకు ఈత బావిలో వచ్చింది. దయచేసి ఆ ధైర్యంతో సముద్రంలోకి, ముఖ్యంగా నది కలిసే చోట, దిగకండి. లోపలికి లాగే నీళ్లు పైకి కనబడవు. రాత్రి తీరం మీద టార్చి, సెల్‌ఫోన్ లైటు వద్దు, తాబేలు పిల్లలు వెలుతురు ఉన్న వైపే నడుస్తాయి, మన లైటును సముద్రం అనుకుని రోడ్డు మీదికి పోతాయి. పిల్లల్ని తీసుకురండి, వాళ్లు మనకంటే బాగా చూస్తారు, కాకపోతే ఎండ్రకాయల్ని సీసాలో వేసి ఇంటికి తెస్తామంటారు, అది మాత్రం ఒప్పుకోవద్దు.

జనవరి చివర్లో ఒక ఆదివారం పోదామనుకుంటున్నాం, శనివారం రాత్రి బయల్దేరడం. వచ్చేవాళ్లు బయట బల్ల దగ్గర పేరు రాసి పోండి. నీళ్లు, టోపీ మీవే. బ్లూటూత్ స్పీకరు ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి రండి, లేదంటే మైపాడులోనే దింపేస్తాం, అక్కడ బజ్జీలు బాగుంటాయి.