తెలియదన్న మాటలో ఎంత తెలుస్తుంది?

సభకు నమస్కారం.

2015 ఏప్రిల్‌లో సింగపూర్‌లో పాఠశాల విద్యార్థులకు జరిగిన గణిత ఒలింపియాడ్‌లోని ఒక ప్రశ్నను కెనెత్ కాంగ్ అనే టీవీ వ్యాఖ్యాత ఫేస్‌బుక్‌లో పెట్టగా, కొద్ది రోజుల్లోనే అది దేశదేశాల్లో చర్చకు వచ్చింది. అదే షెరిల్ పుట్టినరోజు చిక్కుప్రశ్న. ఈ పూట దాన్నే తీసుకుని, ఎదుటివారికి ఏం తెలుసో తర్కంతో ఎలా రాబట్టవచ్చో చూద్దాం.

షెరిల్ తన పుట్టినరోజు ఈ పది తేదీల్లో ఒకటని చెబుతుంది: మే 15, 16, 19, జూన్ 17, 18, జూలై 14, 16, ఆగస్టు 14, 15, 17. ఆల్బర్ట్‌కు నెల మాత్రమే, బెర్నార్డ్‌కు తేదీ అంకె మాత్రమే విడివిడిగా చెబుతుంది. (ఇంత తిప్పలు పెట్టే అమ్మాయి పుట్టినరోజుకు ఎవరైనా వెళతారా అన్నది వేరే ప్రశ్న.) అప్పుడు ఆల్బర్ట్, "నాకు తెలియదు, బెర్నార్డ్‌కూ తెలియదని నాకు తెలుసు" అంటాడు. "మొదట నాకు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది" అంటాడు బెర్నార్డ్. "అయితే నాకూ తెలిసింది" అంటాడు ఆల్బర్ట్. ఇంతకీ షెరిల్ పుట్టినరోజు ఏది?

కీలకమంతా మొదటి మాటలోనే ఉంది. 18, 19 జాబితాలో ఒక్కొక్కసారే వస్తాయి కనుక, బెర్నార్డ్ చెవిన పడింది వాటిలో ఏదైనా అతనికి వెంటనే జవాబు తెలిసిపోయేది. అలా జరగలేదని ఆల్బర్ట్ అంత ధీమాగా అనాలంటే, అతని దగ్గరున్న నెలలో ఆ రెండు అంకెలూ ఉండకూడదు. అందువల్ల మే, జూన్ నెలలు పూర్తిగా పోతాయి. చాలామంది 18, 19 తేదీలను మాత్రమే కొట్టేసి, నెలలను అలాగే ఉంచేస్తారు.

మిగిలినవి ఐదు. వాటిలో 14 రెండు నెలల్లోనూ ఉంది కాబట్టి, "ఇప్పుడు తెలిసింది" అన్న బెర్నార్డ్ దగ్గర ఆ అంకె లేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ దశలో బెర్నార్డ్‌కు జవాబు తెలుసు, కానీ వింటున్న మనకు ఇంకా జూలై 16, ఆగస్టు 15, ఆగస్టు 17 అనే మూడు అవకాశాలున్నాయి. ఆల్బర్ట్, బెర్నార్డ్, మనం విన్న మాటలు అవే అయినా, ఎవరి దగ్గర ముందే ఏముందో దాన్ని బట్టి ఒక్కొక్కరికీ తెలిసేది మారుతుంది. నెల ఆగస్టు అయితే ఆల్బర్ట్ రెండు తేదీల మధ్య ఊగిసలాడేవాడు. అతనికీ తెలిసిందంటే జవాబు జూలై 16.

ఆగస్టు 17 అని వాదించినవారూ తక్కువేమీ కాదు, వారి వాదన కొట్టిపారేయదగినదీ కాదు. బెర్నార్డ్‌కు తెలియదన్నది ఆల్బర్ట్ తర్కించి తేల్చింది కాక, ఎవరో అతనికి అందించిన సమాచారమని వారు తీసుకున్నారు. అలాగైతే 18, 19 మాత్రమే పోతాయి. జూన్‌లో 17 ఒక్కటే మిగులుతుంది కనుక, తనకు తెలియదన్న ఆల్బర్ట్ నెల జూన్ కాదు. అప్పుడు 17 ఆగస్టులో మాత్రమే ఉంటుంది, బెర్నార్డ్ తెలుసుకోగలిగేదీ అదొక్కటే. లెక్క సరిగానే కుదిరింది. అయితే ఆల్బర్ట్‌కు ఆ సమాచారం అందినట్టు ప్రశ్నలో ఎక్కడా లేదు. పైగా ఈ దారిలో బెర్నార్డ్ మాటతోనే మనకు జవాబు తెలిసిపోతుంది, ఆల్బర్ట్ చివరి మాటకు పనే ఉండదు. ఒలింపియాడ్ నిర్వాహకులు కూడా జూలై 16నే సరైన జవాబుగా ఖరారు చేశారు.