‘సెట్’ అంటే ఏంటి? మన ‘పెట్టు’ని అడగండి

[అలారం మోగుతుంది. చెయ్యి వచ్చి ఆపేస్తుంది.]

రాత్రి అలారం సెట్ చేశారు. పొద్దున సెట్ దోశ తిన్నారు. మేస్త్రి ఫోన్ చేసి సిమెంట్ సెట్ అయిందన్నాడు. సాయంత్రం అమ్మేమో, “సంబంధం సెట్ అయ్యేలా ఉందిరా” అంది. మాట ఒక్కటే. పనులు నాలుగు.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ రెండో ఎడిషన్‌లో ‘సెట్’ క్రియకి 430 అర్థాలున్నాయి. టెన్షన్ పడకండి. మనకీ అలాంటి మాట ఒకటుంది: ‘పెట్టు’. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది, పక్కింటాయన తగువు పెడతాడు. ఇన్ని అర్థాలని ఎప్పుడైనా లెక్కపెట్టామా? అదిగో, లెక్క కూడా పెట్టడమే!

[స్క్రీన్ మీద: సిట్ → సెట్]

‘సెట్’ అసలు అర్థం కూర్చోబెట్టడం. ‘సిట్’కి చుట్టం. అందుకే చాలాచోట్ల ‘పెట్టు’ చక్కగా అతుకుతుంది. నిప్పు పెట్టడం, బోను పెట్టడం, ముహూర్తం పెట్టడం... ఇంగ్లిష్‌లో అన్నిటికీ సెట్టే.

[తాపీ అంచున సిమెంట్, దగ్గరగా]

ఇక్కడ మాత్రం అతకదు. సిమెంట్ సెట్ అయిందంటే, పూర్తిగా గట్టిపడిందని కాదు, బిగుసుకుందని. మామూలు సిమెంట్ నీళ్లు కలిపాక 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 10 గంటల్లోపు బిగుసుకోవాలి. అసలు బలం తర్వాత రోజుల తరబడి నీళ్లు కొడితేనే వస్తుంది. కాబట్టి ‘సెట్’కి ‘హార్డెన్’ పర్యాయపదమని రాసుకుంటే మేస్త్రి ఒప్పుకోడు. పాలు పెరుగవడానికీ సెట్టే. మనకైతే ‘తోడుకుంది’ అనే ముచ్చటైన మాట ఉంది.

సెట్ దోశలో సెట్ వేరు. రెండు మూడు కలిపి ఇస్తారు కాబట్టి ఆ పేరు. గుంపు అనే ఈ అర్థం ఫ్రెంచ్ మీదుగా లాటిన్ నుంచి వచ్చింది.

ఇక అసలు చిక్కు: మనం తయారుచేసుకున్న సెట్. ఒకసారి ఫోన్ ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే, “టైమింగ్స్ డిడ్ నాట్ సెట్ ఫర్ మీ” అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ‘సూట్’ అనాలి. చొక్కా కొలతకైతే ‘ఫిట్’. ఇద్దరికి పొసగకపోతే ‘గెట్ అలాంగ్’ వాడాలి. సంబంధం సెట్ అయిందని చెప్పాలంటే? “మ్యాచ్ ఫిక్స్ అయింది” అని మాత్రం అనకండి. ఏ జట్టు అమ్ముడుపోయిందని అడుగుతారు.