రా ఫైలా, జేపెగ్ ఫైలా?

నమస్కారం. ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న రెండు ఫోటోలూ ఒకే క్లిక్‌తో తీసినవి. కిటికీ పక్కన కూర్చున్న మనిషి ముఖం నీడలో ఉంది, వెనక ఆకాశం తెల్లగా మెరిసిపోతోంది. ఎడమ వైపున్నది కెమెరా తయారుచేసి ఇచ్చిన జేపెగ్, కుడి వైపున్నది కెమెరా ఇంకా మలచకుండా దాచిన రా ఫైలు. రెండింటిలోనూ నీడను ఒకే మోతాదులో వెలిగించాను. జేపెగ్‌లో దవడ దగ్గర చర్మం రంగు అతుకులు అతుకులుగా విడిపోయింది. రా ఫైలులో కొంత నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, పైకి తేలినా, చెంప నుంచి మెడ వరకు రంగు సాఫీగా జారుతూ వచ్చింది.

ఈ తేడా కెమెరాలో వెలుతురును అందుకునే భాగమైన సెన్సార్ దగ్గరే మొదలవుతుంది. సెన్సార్‌లోని ఒక్కో పిక్సెల్ తన మీద పడిన వెలుతురు ఎంతో కొలవగలదే తప్ప, అది ఏ రంగుదో చెప్పలేదు. అందుకే చాలా కెమెరాల్లో పిక్సెళ్ల మీద సగం ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం ఫిల్టర్లు అమర్చి ఉంటాయి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక ఇది. రా ఫైలు అంటే ఈ కొలతల పట్టికే గాని, ఇంకా బొమ్మ కాదు. దాన్ని బొమ్మగా మలచడానికి వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతురులోనైనా తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సరిచేయడం), కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ వంటివన్నీ ఎవరో ఒకరు నిర్ణయించాలి. జేపెగ్ తీస్తే ఆ నిర్ణయాలన్నీ కెమెరా అక్కడికక్కడే తీసేసుకుని, బొమ్మను అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది పిక్సెళ్లుండే గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను వదిలేసి, మిగిలినదాన్ని భద్రపరుస్తుంది. 1992లో ప్రమాణంగా స్థిరపడిన ఈ పద్ధతి నేటికీ చెక్కుచెదరకుండా నిలిచిందంటే, దాన్ని తక్కువగా చూడటం న్యాయం కాదు.

అయితే వదిలేసినది తిరిగి రాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ముదురు నుంచి లేత వరకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. అదే 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్లయితే 16,384 ఉంటాయి. పసుపు పచ్చని బల్బు వెలుతురులో వైట్ బ్యాలెన్స్ తప్పుగా పెట్టి జేపెగ్ తీస్తే, నీలం రంగు సమాచారం దాదాపు అడుగంటిపోతుంది. తరువాత ఎంత సరిచేసినా ముఖానికి జీవం రాదు. నా దగ్గర అలాంటి కుటుంబ ఫోటోలు కొన్ని ఉన్నాయి, వాటిని తెరిచిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. రా ఫైలులోనైతే వైట్ బ్యాలెన్స్ అనేది పక్కన రాసి పెట్టిన సూచన మాత్రమే కాబట్టి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

రా తీస్తున్నాం కదా, తరువాత చూసుకుందాం అన్న ధీమా మాత్రం పనికిరాదు. ఫోకస్ తప్పినా, చెయ్యి కదిలినా రా కాపాడదు. మూడు రంగుల్లోనూ సెన్సార్ నిండిపోయిన చోట, అంటే పూర్తిగా తెల్లబడిపోయిన మేఘంలో, వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. మరో సంగతి గమనించండి. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్‌ను, అంటే ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే పటాన్ని, సాధారణంగా జేపెగ్ రూపం నుంచే గీస్తారు. అందువల్ల వెలుతురు మితిమీరిందని అది హెచ్చరించిన చోట రా ఫైలులో ఇంకా కొంత సమాచారం మిగిలి ఉండవచ్చు.

ఇక బరువు విషయం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 14 బిట్ల రా ఫైలును కుదించకుండా దాచితే దాదాపు 42 మెగాబైట్లు అవుతుంది, జేపెగ్ అందులో చిన్న భాగమే. పరుగు పందెంలో వరుసగా షాట్లు తీసేటప్పుడు కెమెరా బఫర్ (ఫోటోలు కార్డులోకి చేరేలోపు ఆగే తాత్కాలిక మెమరీ) నిండిపోయి, అసలైన క్షణంలో షట్టర్ ఆగిపోతే రా వల్ల ఒరిగేదేమీ ఉండదు. వార్తా సంస్థ రాయిటర్స్ 2015లో తన ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్లను రా నుంచి తయారుచేసిన ఫోటోలు పంపవద్దని, కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవి పంపమని కోరింది. వేగంతో పాటు, దృశ్యం ఉన్నదున్నట్టుగా ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం.

కాబట్టి వెలుతురు మీ అదుపులో ఉండి, ఫోటో వెంటనే చేరవలసి ఉంటే నిస్సంకోచంగా జేపెగ్ తీయండి. వెలుతురు మొండికేసినప్పుడు, ఆ సందర్భం మళ్లీ రానిదైనప్పుడు, కూర్చుని మలచుకునే ఓపిక కూడా మీకున్నప్పుడు రా తీయండి. ఇప్పుడే నేర్చుకుంటున్నవారు మెనూలో రెండూ కలిసి ఉన్న ఎంపికను పెట్టుకుని, కెమెరా ఇచ్చిన జేపెగ్‌ను పక్కన ఉంచుకుని, తమ రా ఫైలును దానికి దీటుగా మలచడానికి ప్రయత్నించాలన్నది నా సలహా. మొదటి పది ఫోటోల్లో చాలావరకు కెమెరాదే పైచేయి అవుతుంది. ఎక్కడ వెనకబడ్డారో చూసుకుంటూ పదకొండోది మొదలుపెట్టండి.